ముందు అటక ఎక్కండి, కిటికీల సంగతి తర్వాత

జనవరి గ్యాసు బిల్లు వచ్చిన వారంలో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎవరింట్లో కలిసినా, కాసేపటికి మాట బిల్లు మీదికే మళ్ళుతుంది. ఒకే బిల్డరు ఒకే ఏడాది కట్టిన ఇళ్ళలో కూడా ఒకరికి వచ్చినదానికి రెట్టింపు ఇంకొకరికి వచ్చి ఉంటుంది. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. కిటికీలు మార్పించెయ్యండి, స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టించండి, సోలార్ వేయించండి, ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ కొత్తది తీసుకోండి. ఇవన్నీ చెడ్డ సలహాలని నేననను. వరస మాత్రం తప్పు. చలి ప్రాంతంలో ఇంటి మీద మొట్టమొదట పెట్టే డబ్బు అటకలో, అంటే సీలింగ్‌కీ ఇంటి కప్పుకీ మధ్య ఉండే చోట పెట్టాలి, ఆ తర్వాత బేస్‌మెంట్‌లో. కిటికీల దాకా రావడానికి చాలా టైముంది. ఈ మాట గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను. మనవాళ్ళు వేలకు వేలు పోసి కూడా సోఫాలో దుప్పటి కప్పుకుని వణుకుతూ కూర్చోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మనం పుట్టి పెరిగిన ఇళ్ళు గాలి ఆడటానికి కట్టినవి. తలుపుల మీద వెంటిలేటర్లు, ఎదురెదురుగా కిటికీలు, పాత మండువా ఇళ్ళలోనైతే నడిమధ్యన ఆకాశమే. వేడిగాలి పైకి పోవాలి, కిందనుంచి కాస్త చల్లగాలి రావాలి అన్నది ఆ కట్టడంలో ఉన్న తెలివి. మిన్నెసోటాలో జనవరిలో మన ఇళ్ళలో జరిగేదీ సరిగ్గా అదే, కాకపోతే ఇక్కడ మనకది అక్కర్లేదు. వేడెక్కిన గాలి తేలికవుతుంది, పైకి పోతుంది, అటకలోకి దారి దొరికిన ప్రతి కంతలోంచీ బయటపడుతుంది. పైనుంచి ఎంత గాలి పోయిందో అంత గాలి కిందినుంచి లోపలికి రావాలి. బేస్‌మెంట్ గోడ మీద ఇంటి చెక్క కూర్చునే చోటునుంచి, కరెంటు తీగ వచ్చే కంతనుంచి, గరాజు తలుపు కిందినుంచి వస్తుంది. లోపల 70 డిగ్రీలు, బయట సున్నా ఫారెన్‌హీట్ ఉన్న రోజు రెండంతస్తుల ఇల్లు పొగగొట్టంలా పనిచేస్తుంది. దీన్నే స్టాక్ ఎఫెక్ట్ అంటారు. చలి ముదిరే కొద్దీ ఈ లాగుడు కూడా పెరుగుతుంది. అంటే, వేడి ఎక్కువ కావలసిన రోజే ఇల్లు ఎక్కువగా కారుతుంది.

మా అమ్మ తెనాలినుంచి చలికాలంలో వచ్చినప్పుడు ఎప్పుడూ కాళ్ళు పైకి ముడుచుకునే కూర్చునేది. "కిటికీలన్నీ వేసే ఉన్నాయి కదే, కాళ్ళకి ఈ గాలి ఎక్కణ్ణుంచొస్తోంది?" అని అడిగేది. థర్మోస్టాట్‌లో చూస్తే 72. ఆ అంకె నిజమే, అమ్మకేసే చలీ నిజమే. థర్మోస్టాట్ గోడ మీద ఛాతీ ఎత్తులో ఉంటుంది, చల్లగాలి నేల మీద పాకుతుంది. అమ్మ కోసమని 75కి పెంచితే లోపలికీ బయటికీ తేడా ఇంకా పెరిగి పైనుంచి ఇంకాస్త వేడిగాలి పోతుంది, కిందనుంచి ఇంకాస్త చల్లగాలి వస్తుంది. బిల్లు పెరుగుతుంది, కాళ్ళ చలి మాత్రం అలాగే ఉంటుంది. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళకీ పిల్లలకీ మధ్య థర్మోస్టాట్ దగ్గర జరిగే గొడవంతా ఇదే. అక్కడ తప్పు పెద్దవాళ్ళది కాదు, ఇంటిది.

ఇంతకీ అటకలో కంతలు ఎక్కడుంటాయి? వేడి పోకుండా ఆపే ఇన్సులేషన్ దట్టంగా పరిచి ఉంది కదా అనుకుంటాం. ఆ ఇన్సులేషన్ పక్కకి తోసి చూడండి. లోపలి గోడల తలలు కనిపిస్తాయి. చెక్కకీ, దాని మీద బిగించిన గోడ పలకకీ (డ్రైవాల్) మధ్య పొడుగూతా సన్నటి సందు ఉంటుంది. బాత్రూమ్ పైపు పైకి వెళ్ళే చోట చుట్టూ చెయ్యి పట్టేంత ఖాళీ ఉంటుంది. కరెంటు తీగల కోసం తొలిచిన రంధ్రాలు, సీలింగ్‌లో పొదిగిన క్యాన్ లైట్లు, ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ వదిలిన ఖాళీ, అన్నిటికన్నా పెద్దది మనం ఎక్కొచ్చిన అటక మూత. హాలు మధ్యలో ఉండే ఆ మూత చాలా ఇళ్ళలో ఉత్త పలక ముక్క. కింద రబ్బరు పట్టీ ఉండదు, పైన ఇన్సులేషన్ ఉండదు. ఇన్సులేషన్‌గా పరిచిన ఫైబర్‌గ్లాస్ పీచులో అక్కడక్కడా నల్లటి మురికి మచ్చలు కనిపిస్తే కింద కంత ఉందని అర్థం. ఏళ్ళ తరబడి అందులోంచి పోయిన గాలి తన దుమ్మునంతా అక్కడ వదిలి వెళ్ళింది. ఫైబర్‌గ్లాస్ గాలిని ఆపదు, వడకడుతుంది. అందుకే కంతలు మూయకుండా దాని మీద ఇంకో అడుగు ఇన్సులేషన్ పోయించుకున్నా రావలసిన ఫలితం రాదు.

అటక ఎక్కకుండానే తెలుసుకునే దారి ఒకటుంది. మంచు పడిన రెండు మూడు రోజులకి వీధిలోకి వెళ్ళి ఇళ్ళ కప్పులు చూడండి. కప్పు మీద మంచు సమంగా నిలిచి ఉంటే ఆ ఇల్లు వేడిని పట్టుకుంటోంది. మంచు మచ్చలు మచ్చలుగా కరిగి, చూరునుంచి లావాటి మంచు ఊడలు దిగుతుంటే ఆ ఇంటి వేడి అటకలోకి పోతోంది. ఆ ఊడల ముందు నిలబడి ఫోటోలు దిగుతాం, ఇండియాకి పంపిస్తాం. నిజానికి అక్కడ వేలాడుతున్నది మన గ్యాసు బిల్లే. కరిగిన నీళ్ళు చూరు దగ్గర మళ్ళీ గడ్డకట్టి అడ్డుకట్ట అవుతాయి, వెనక నిలిచిన నీళ్ళు కప్పు మీది షింగిల్స్ పలకల కిందికి దూరి సీలింగ్ మీద మరకలు తెస్తాయి. ఐస్ డ్యామ్ అంటే ఇదే. దానికి కప్పు మీద వేడి తీగలు పరిపించుకునేవాళ్ళున్నారు. వేడి పోతోందని, పోయిన చోట కరెంటు పెట్టి ఇంకాస్త వేడి పుట్టించడం ఏం న్యాయం?

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1970లలో ఆయిల్ ధరలు మండిపోయినప్పుడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవాళ్ళు న్యూజెర్సీలో ఈస్ట్ విండ్సర్ దగ్గర ట్విన్ రివర్స్ అనే కాలనీలో ఇళ్ళకి మీటర్లు బిగించి ఏళ్ళ తరబడి కొలిచారు. ఈ రోజు ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బోలెడు. రాబర్ట్ సోకలో నడిపిన ఆ పరిశోధనలో గౌతమ్ దత్ అనే భారతీయ ఇంజనీరు కూడా ఉన్నారు. పుస్తకం లెక్క ప్రకారం అటకలోంచి పోవలసిన వేడి కన్నా, నిజంగా పోతున్నది ఎన్నో రెట్లు ఎక్కువని వాళ్ళ కొలతల్లో తేలింది. లెక్కలో ఇన్సులేషన్ మందం ఉంది, గాలి పోయే దొంగదారులు లేవు. పక్కిళ్ళకి ఉమ్మడిగా ఉన్న గోడల లోపలి బోలు, పొగగొట్టం చుట్టూ ఖాళీ, ఇవి బేస్‌మెంట్‌నుంచి తిన్నగా అటకలోకి వేడిని చేరవేస్తున్నాయి. అవి మూసి, మిగతా పనులు కూడా చేస్తే ఒక ఇంట్లో వేడి కోసం కాలే గ్యాసు మూడింట రెండు వంతులు తగ్గింది.

ఆ ట్విన్ రివర్స్‌లోనే తేలిన ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. అచ్చం ఒకేలా కట్టిన ఇళ్ళలో ఒకరు వాడే గ్యాసు ఇంకొకరికి రెట్టింపు ఉండేది, ఆ ఇంట్లో కుటుంబం మారితే వాడకమూ మారేది. అంటే అలవాట్లకి బలం ఉంది. మన పార్టీల్లో బిల్లులు పోల్చుకోవడంలో ఉపయోగం లేనిది కూడా అందుకే. పక్కింటి బిల్లుతో కాదు, మన ఇంటి పోయినేడాది బిల్లుతో పోల్చుకోవాలి, అదీ రెండేళ్ళ చలి తేడాని లెక్కలోకి తీసుకుని.

అదే కాలంలో కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రం రెజీనా పట్నంలో ఒక ఇల్లు కట్టారు. 1977లో పూర్తయింది. అక్కడ చలి మా మిన్నెసోటా కన్నా ఘోరం. హెరాల్డ్ ఆర్ అనే ఇంజనీరు, ఆయన తోటివాళ్ళు గోడలు అడుగు మందాన పెట్టి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పొరతో ఇల్లంతా చుట్టి, మామూలు ఫర్నేస్ అక్కర్లేకుండా చేశారు. తర్వాత జర్మనీలో పుట్టిన, చాలా తక్కువ వేడితో గడిచేలా ఇళ్ళు కట్టే పాసివ్ హౌస్ పద్ధతికి స్ఫూర్తిగా నిలిచినవాటిలో ఈ ఇల్లొకటి. అలాంటిది ఇప్పుడు మనం కట్టలేకపోవచ్చు. కానీ అంత చలిలో కూడా ఆ ఇంజనీర్లు ముందు పెద్ద మెషీను కోసం వెతకలేదు. గాలిని ఆపారు, ఆ తర్వాత ఇన్సులేషన్ దట్టించారు. మనమూ ఆ వరసే పట్టుకోవాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. కిటికీలు అమ్మడానికి మా ఇంటికొచ్చిన సేల్స్ మనిషి ఒక దీపం పెట్టి, పాత అద్దం ఒకవైపు, కొత్త అద్దం ఒకవైపు పట్టి చెయ్యి పెట్టి చూడమన్నాడు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నేను కాగితం తీశాను. 15 కిటికీలు, ఒక్కోటి 15 చదరపు అడుగులు. ఉన్నవి మామూలు డబుల్ పేన్ (రెండు అద్దాలవి), పెట్టబోయేవి మంచి రకం. మినియాపోలిస్ చలికాలం మొత్తానికి అద్దాల్లోంచి పోకుండా ఆగే వేడి సుమారు 100 థర్మ్‌ల గ్యాసుకి సమానం (థర్మ్ అంటే గ్యాసు వేడిని కొలిచే యూనిట్). థర్మ్ డాలరు అనుకుంటే ఏడాదికి 100 డాలర్లు. బిగింపుతో కలిపి కిటికీ వెయ్యి డాలర్లు వేసుకున్నా 15,000. పెట్టిన డబ్బు రావడానికి 150 ఏళ్ళు. సందుల్లోంచి వచ్చే గాలి కూడా తగ్గుతుందని ఆదా రెట్టింపు వేసుకుంటే 75 ఏళ్ళు. ఆ కిటికీ అంతకాలం మన్నదు. కిటికీ కుళ్ళిపోతేనో, పాత సింగిల్ పేన్ అయితేనో, చూడటానికి బాగుండాలనుకుంటేనో మార్చుకోండి, తప్పులేదు. బిల్లు తగ్గించడానికి మాత్రం వద్దు. సింగిల్ పేన్ ఉన్న పాత ఇళ్ళలో కూడా బయట స్టార్మ్ విండో అనే అదనపు అద్దం బిగిస్తే చాలా తక్కువలో చాలావరకు పనవుతుంది.

దీని పక్కన గాలి లెక్క పెట్టి చూడండి. సుమారు 2,000 చదరపు అడుగుల ఇంట్లో గంటకి ఉన్న గాలిలో పదింట ఏడు పాళ్ళు మారిపోతోందనుకుందాం. పాత ఇళ్ళకి ఇది మామూలే. దాన్ని నాలుగు పాళ్ళకి దించగలిగితే ఏడాదికి 170 థర్మ్‌ల దాకా మిగులుతుంది. దానికయ్యే సామాను సందులు పూడ్చే స్ప్రే ఫోమ్ డబ్బాలు, కాక్ అనే ముద్ద ట్యూబులు, అటక మూతకి రబ్బరు పట్టీ, కాస్త రేకు. మనమే చేసుకుంటే 200 డాలర్లలో అయిపోతుంది. మనిషిని పెట్టి చేయిస్తే వెయ్యి, పదిహేనువందలు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక కూడా ముందు కిటికీలే అనేవాళ్ళకి నేనింక చెప్పగలిగిందేమీ లేదు.

ఇన్సులేషన్ విషయంలో కూడా లెక్క తెలిసి ఖర్చు పెట్టాలి. ఇన్సులేషన్ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్-విలువ, అది రెట్టింపైతే పోయే వేడి సగమవుతుంది. ఆర్-10 ఉన్న అటకని ఆర్-20 చేస్తే సగం మిగిలింది. దాన్ని 40 చేస్తే ఆ మిగిలిన సగంలో సగం. 40ని 60 చేస్తే మిగిలేది మొదటి నష్టంతో పోలిస్తే చాలా చిన్న ముక్క. మా వైపు ఆర్-49, ఆర్-60 పెట్టమంటారు, కొత్తగా కట్టేటప్పుడు అది సరైనదే. కానీ మీ అటకలో ఇప్పటికే 12 అంగుళాల సెల్యులోజ్ (కాగితపు పీచు ఇన్సులేషన్) ఉంటే, అంగుళానికి మూడున్నర చొప్పున అది ఆర్-40 దాటినట్టే. దాని మీద ఇంకా పోయిస్తామని ఎవరైనా వస్తే, ముందు కింద కంతలు మూస్తావా అని అడగండి. ఆరంగుళాలే ఉంటే మాత్రం కంతలు మూసి వెంటనే పోయించండి.

అటక పని చేసుకునేవాళ్ళు అక్టోబరులో చేసుకోండి, ఎండాకాలం ఆ వేడికి తట్టుకోలేరు. మాస్కు, చేతి తొడుగులు, మోకాళ్ళ కింద పలక ఉండాలి. అడుగు చెక్క దూలం మీదే పడాలి, లేకపోతే కాలు కింది గదిలోకి దిగుతుంది. ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ ఫోమ్ పెట్టకూడదు; రేకు కత్తిరించి, వేడికి తట్టుకునే కాక్ వాడాలి. పాత రకం క్యాన్ లైట్ల మీద ఇన్సులేషన్ కప్పితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది, వాటిని సీల్ చేసిన ఎల్ఈడీ రకానికి మార్పించుకోవడం మేలు. అటకలో బూడిదరంగులో మెరిసే రాతి పలుకుల్లాంటివి కనిపిస్తే అది వెర్మిక్యులైట్ అనే పాత ఇన్సులేషన్ కావచ్చు. ఒకప్పుడు మోంటానాలో లిబ్బీ గనినుంచి వచ్చిన దాంట్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండేది. దాన్ని కదిలించకుండా కిందికి దిగి, తెలిసినవాళ్ళని పిలవండి.

బేస్‌మెంట్‌లో పని ఇంకా తేలిక. సిమెంటు గోడ అయిపోయి ఇంటి చెక్క మొదలయ్యే చోట చుట్టూ చిన్న చిన్న గూళ్ళుంటాయి, రిమ్ జాయిస్ట్ అంటారు. బిల్డర్లు అక్కడ ఒక ఫైబర్‌గ్లాస్ ముక్క కుక్కి వదిలేస్తారు. అది తీసి, గట్టి ఫోమ్ బోర్డు ముక్కలు కోసి పెట్టి, అంచులు స్ప్రే ఫోమ్‌తో మూస్తే, కిందినుంచి వచ్చే గాలి చాలావరకు ఆగిపోతుంది. ఒక శని, ఆదివారం పని. బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ కట్టించుకునేవాళ్ళు సీలింగ్ మూసేముందు ఈ పని చేయించకపోతే తర్వాత అందదు. ఆ ఖర్చులో ఇదెంత?

కంతలు వెతకడానికి మన ఇంట్లో మంచి సాధనం ఉంది, అగరొత్తి. బాగా చలిగా, గాలిగా ఉన్న రోజు ఫర్నేస్ ఆపి, బాత్రూమ్ ఫ్యాన్ ఒకటి వేసి, వెలిగించిన అగరొత్తి పట్టుకుని ఇల్లంతా తిరగండి. బయటి గోడల మీది కరెంటు ప్లగ్గులు, తలుపుల అంచులు, సింకు కింద పైపులు, బట్టల డ్రయ్యర్ గొట్టం చూడండి. పొగ తిన్నగా లేవకుండా పక్కకి వాలిందా, అక్కడ గుర్తు పెట్టుకోండి. కర్టెన్ల దగ్గర మాత్రం జాగ్రత్త.

మనవాళ్ళకి ఒక భయం ఉంది. ఇల్లు అంత బిగిస్తే ఊపిరాడదేమో, పోపు ఘాటు పోదేమో అని. న్యాయమైన భయమే. కానీ కంతల్లోంచి వచ్చే గాలి బాగా చలేసిన రోజు అవసరానికి మించి వస్తుంది, చలీ గాలీ లేని రోజు దాదాపు రాదు. అటక దుమ్ము, గరాజు పొగ కూడా తెస్తుంది. గాలి మనం పిలిచినప్పుడు, పిలిచిన దారిన రావాలి. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు పొయ్యి మీది హుడ్ తప్పకుండా వెయ్యండి, బయటికి గొట్టం ఉన్న హుడ్డే పెట్టుకోండి. తిప్పి మొహం మీదికే ఊదే రకం ఎందుకూ పనికిరాదు. పని అయిపోయిన పది నిమిషాలకి కట్టెయ్యండి. గంటలు గంటలు వదిలేస్తే అది వేడిగాలిని తోడి వీధిలో పోస్తూనే ఉంటుంది. మన వంటకోసమని చాలామంది మహా జోరైన హుడ్‌లు బిగిస్తున్నారు. అవి లాగిన గాలికి బదులు గాలి రాకపోతే గ్యాసు గీజరు పొగ వెనక్కి ఇంట్లోకి వస్తుంది. నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటిన హుడ్‌లకి విడిగా గాలి దారి పెట్టాలని బిల్డింగ్ కోడ్ చెప్పేది అందుకే. ఇల్లు బాగా బిగుతయ్యాక, పోయే గాలి వేడిని వచ్చే గాలికి అందించే హెచ్ఆర్‌వీ మెషీను పెట్టుకుంటే ఇంకా మంచిది.

గాలి పొడిబారడం కూడా ఈ కథలో భాగమే. చలికాలం పెదాలు పగులుతున్నాయని, పిల్లలకి ముక్కులోంచి రక్తం వస్తోందని ప్రతి గదిలో హ్యుమిడిఫయర్ పెడతాం. బయటి చలిగాలిలో తేమ దాదాపు ఉండదు. అది లోపలికొచ్చి వేడెక్కితే ఇల్లు ఎడారే. కంతలు మూస్తే మన వంట, మన స్నానాలు, మన ఊపిరి పుట్టించే తేమే చాలావరకు సరిపోతుంది. అప్పుడు ఉల్టా సమస్య వస్తుంది, కిటికీ అద్దాల మీద నీళ్ళు. కుక్కర్ ఆవిరి, అన్నం ఆవిరి తక్కువేమీ కాదు. పది డాలర్ల తేమ మీటరు ఒకటి పెట్టుకుని, 30, 35 శాతం దగ్గర ఉంచుకోండి, సున్నా కిందికి దిగిన రోజుల్లో ఇంకా తగ్గించండి. అద్దం అంచున నల్లబూజు కనిపిస్తే హ్యుమిడిఫయర్ కట్టెయ్యాలి.

ఇల్లు బిగించే ముందూ తర్వాతా రెండు పరీక్షలు ప్రాణానికి సంబంధించినవి. ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. మిన్నెసోటా చట్టం ప్రకారం పడకగదికి 10 అడుగుల లోపు అలారం ఉండాలి. పాతబడితే కొత్తది పెట్టండి. చలి ఎంత ఉన్నా కుంపటి ఇంట్లో వెలిగించకండి, గ్యాసు అవెన్ తెరిచి వేడి కాచుకోకండి. రెండోది రాడాన్, నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడియోధార్మిక వాయువు. మిన్నెసోటాలో అయిదిళ్ళలో రెండిట్లో అది ఉండకూడనంత ఉందని రాష్ట్ర ఆరోగ్య శాఖే చెబుతోంది. టెస్ట్ కిట్ ఖర్చు చాలా తక్కువ. బేస్‌మెంట్‌లో అత్తగారికో మామగారికో గది ఇచ్చినవాళ్ళు ఇది వాయిదా వెయ్యొద్దు.

స్పేస్ హీటర్ సంగతి చెప్పి తీరాలి. "ఫర్నేస్ తగ్గించి, చిన్న హీటర్ పెట్టుకుంటున్నాం, పొదుపు" అనేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఒక థర్మ్ గ్యాసులో ఉండే వేడి 29 యూనిట్ల కరెంటుకి సమానం. కరెంటు యూనిట్ 15 సెంట్లయితే అది నాలుగు డాలర్ల పైమాటే, గ్యాసుకి డాలరు. ఇంట్లో ఒక్కరే ఉండి, ఒక్క గదిలోనే కూర్చుని, మిగతా ఇల్లంతా బాగా తగ్గించేస్తే కలిసొస్తుంది. మూడు గదుల్లో మూడు హీటర్లు రాత్రంతా తిరిగితే పొదుపు కాదు, పైగా నిప్పు భయం. 1,500 వాట్ల హీటరు రోజుకి పది గంటలు వేస్తే నెలకి 67 డాలర్లు, ఒక్కదానికే.

థర్మోస్టాట్ తగ్గించి మళ్ళీ పెంచితే ఎక్కువ కాలుతుందన్నది అపోహ. ఇల్లు చల్లగా ఉన్నంతసేపూ బయటికి పోయే వేడి తక్కువ, అంతే. రోజుకి 8 గంటలు 7నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క. దానికి పాత ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్ చాలు. బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి తెచ్చే హీట్ పంప్ ఉన్నవాళ్ళకి మాత్రం ఇది వర్తించకపోవచ్చు. పొద్దున్నే ఒక్కసారిగా పెంచితే లోపలి కరెంటు కాయిల్ ఆన్ అయ్యి ఉన్న ఆదా ఊడ్చుకుపోతుంది. పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో రాత్రి మరీ తగ్గించకండి. మా అమ్మ గది దగ్గర నేను ఒక్క డిగ్రీ కూడా బేరమాడను. కంతలు మూసేది ఆమెకి వెచ్చగా ఉండాలనే కదా.

హీట్ పంపులంటే నాకు గౌరవం ఉంది. అమెరికా ఈశాన్యాన ఉన్న మెయిన్ అనే రాష్ట్రం లక్ష హీట్ పంపులు పెట్టాలన్న లక్ష్యాన్ని 2023లోనే, అనుకున్నదానికి రెండేళ్ళు ముందే అందుకుంది, అక్కడ చలి తక్కువేమీ కాదు. ఆయిల్, ప్రొపేన్, గోడ అంచున కరెంటు బేస్‌బోర్డు హీటర్లు ఉన్న ఇళ్ళకి అది మంచి మార్పు. కరెంటు హీటర్ల బదులైతే ఖర్చు సగానికో, ఇంకా కిందికో వస్తుంది. చవగ్గా గ్యాసు దొరికే మా వైపు మాత్రం యూనిట్ ధర, గ్యాసు ధర పెట్టి లెక్క వేసుకునే దిగాలి. ఏదైనా సరే, కంతలు మూశాకే కొనండి. కారే ఇంటికి కొలిస్తే పెద్ద మెషీను కావాలి, బిగించిన ఇంటికి చిన్నది సరిపోతుంది, ఆ తేడా వేలల్లో ఉంటుంది. సోలార్‌కీ ఇదే మాట.

నీళ్ళ వేడి గురించి క్లుప్తంగా. గీజర్ 120 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టండి. షవర్ తల నిమిషానికి ఒకటిన్నర గ్యాలన్ల రకానికి మారిస్తే పాత రెండున్నర గ్యాలన్ల దాని మీద నలభై శాతం వేడినీళ్ళు మిగులుతాయి. బకెట్ స్నానం చేసే పెద్దవాళ్ళని మార్చే ప్రయత్నం చెయ్యకండి. పది నిమిషాల షవర్‌లో పోయే నీళ్ళు అయిదారు బకెట్లు.

అద్దెకుండేవాళ్ళు, ముఖ్యంగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, అటక మాకెక్కడిదంటారు. కిటికీకి అంటించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగించే ప్లాస్టిక్ ఫిల్మ్ కిటికీకి కొద్ది డాలర్లే, వసంతంలో పీకేస్తే మచ్చ కూడా ఉండదు. తలుపు కింద డోర్ స్వీప్ అనే పట్టీ, సందుల్లో తాడులాంటి రోప్ కాక్ పెట్టండి. హీటరుకి అడ్డంగా మంచం, సోఫా ఉంటే జరపండి, కర్టెన్ దాని మీద వేలాడకుండా చూడండి. వేడి మీ చేతిలో లేని అపార్ట్‌మెంట్ అయితే, అక్టోబరు 1నుంచి ఏప్రిల్ 30 దాకా కనీసం 68 డిగ్రీలు ఇవ్వడం మిన్నెసోటాలో ఇంటి ఓనరు బాధ్యత, ఇది చట్టం. థర్మామీటరు ఫోటో తీసి రాతపూర్వకంగా అడగండి. వీసా మీద ఉన్నాం, మనకెందుకని ఊరుకోకండి.

చివరగా, పని చేయించేటప్పుడు ఏం అడగాలన్నది. ఇన్సులేషన్‌కి, కిటికీలకి ఉండిన ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో అయిపోయింది. ఇప్పటికీ ఆ రాయితీ చూపించి తొందరపెట్టే సేల్స్ మనిషిని నమ్మకండి. చాలా గ్యాసు, కరెంటు కంపెనీలు తక్కువ ఖర్చుకి ఎనర్జీ ఆడిట్, అంటే ఇంట్లో వేడి ఎక్కడ పోతోందో చూసే తనిఖీ చేయిస్తాయి, వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి ఇలా ఇల్లు బిగించడానికి సాయంగా 1976నుంచీ నడుస్తున్న వెదరైజేషన్ పథకం ఉంది. ఆడిట్‌లో బ్లోవర్ డోర్ టెస్ట్ ఉందో లేదో ముందే అడగండి. వాకిట్లో ఫ్యాన్ బిగించి ఇంట్లోంచి గాలి లాగి, లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 50 పాస్కల్స్ తేడా దగ్గర ఇల్లు ఎంత కారుతోందో కొలుస్తారు. ఆ ఫ్యాన్ లాగుడు మీద కొత్త ఇళ్ళలో గాలి గంటకి 3 సార్లకి మించి మారకూడదని మా కోడ్ అడుగుతుంది. పాత ఇళ్ళలో 10 దాటినా ఆశ్చర్యం లేదు. ఆ ఫ్యాన్ తిరుగుతుండగా వాళ్ళ వెంటే తిరిగి ప్రతి కంతా మీ కళ్ళతో చూడండి. అటక, బేస్‌మెంట్ పని అయ్యాక అదే టెస్ట్ మళ్ళీ చెయ్యాలని, ముందు అంకె, తర్వాత అంకె రెండూ బిల్లు మీద రాసివ్వాలని, అది చూశాకే మిగతా సగం డబ్బిస్తానని కొటేషన్ తీసుకునే రోజే చెప్పెయ్యండి. దానికి ఒప్పుకోని కాంట్రాక్టరుకి పని ఇవ్వకండి.